బడి మానిపించి ఇంట్లో చదివించొచ్చా? చట్టం చెప్పింది, చెప్పకుండా వదిలేసింది

"మా పాపను బడి మానిపించి ఇంట్లోనే చదివిద్దామనుకుంటున్నాం. కేసు అవుతుందా?" హైదరాబాద్‌లో కొండాపూర్, నల్లగండ్ల, మియాపూర్ వైపు అపార్ట్‌మెంట్లలో ఈ ప్రశ్న ఈ మధ్య బాగానే వినిపిస్తోంది. అడిగేవాళ్లు రకరకాలు. ఆరో తరగతి నుంచే ఐఐటీ ఫౌండేషన్ పేరుతో పిల్లాణ్ని తోమేస్తున్నారని విసిగిపోయినవాళ్లున్నారు. ఆటిజమో డిస్లెక్సియానో ఉన్న బిడ్డకు సరిపడే బడి దొరకక అలసిపోయినవాళ్లున్నారు. పొద్దున్నా సాయంత్రం బ్యాడ్మింటన్ అకాడమీలోనే గడిపే పిల్లల తల్లిదండ్రులున్నారు. వీళ్లతోపాటు ఇంకో రకం కూడా ఉంది: "మా ఇంటి విలువలు వేరు, బడిలో అబ్బేవి వేరు. మా పిల్లలు మా పద్ధతిలో పెరగాలి" అనేవాళ్లు. మొదటి మూడు కారణాలకూ ఎవరైనా సరేనంటారు. చిక్కంతా ఈ నాలుగో దానితోనే.

సూటిగా చెప్పాలంటే, పిల్లల్ని ఇంట్లో చదివించినందుకు తల్లిదండ్రులకు శిక్ష వేసే సెక్షన్ విద్యా హక్కు చట్టంలో లేదు. అలాగని "ఇది మా హక్కు" అని పట్టుకోవడానికి ఆసరాగా నిలిచే సెక్షనూ లేదు. ఈ రెంటి మధ్య ఉన్న ఖాళీలోనే మన దేశంలో హోమ్‌స్కూలింగ్ నడుస్తోంది.

చట్టంలో అసలేముంది

కథ మన ప్రాంతం పేరున్న కేసుతోనే మొదలవుతుంది. 1993లో ఉన్నికృష్ణన్ వర్సెస్ ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కేసులో సుప్రీంకోర్టు, 14 ఏళ్లు నిండేదాకా ఉచితంగా చదువుకోవడం పిల్లల ప్రాథమిక హక్కు అని తేల్చింది. తగాదా వచ్చింది ప్రైవేటు కాలేజీల క్యాపిటేషన్ ఫీజుల మీద. తీర్పు మాత్రం ఒకటో తరగతి పిల్లాడి దాకా వెళ్లింది. ఆ తర్వాత 2002లో 86వ రాజ్యాంగ సవరణ వచ్చింది. 6 నుంచి 14 ఏళ్ల పిల్లలందరికీ ఉచిత, నిర్బంధ విద్య అందించాలని 21ఎ అధికరణం ప్రభుత్వానికి చెప్పింది. అదే సవరణ 51ఎ(కె)ని చేర్చి, ఆ వయసు పిల్లలకు చదువుకునే అవకాశాలు కల్పించడం తల్లిదండ్రుల విధి అంది.

ఇక్కడ కాస్త ఆగి చూడాలి. హక్కు పిల్లలది, బాధ్యత ప్రభుత్వానిది, విధి తల్లిదండ్రులది. పిల్లల్ని ఎక్కడ, ఎలా చదివించాలన్న విషయంలో తల్లిదండ్రులకు 'హక్కు' ఉందని ఈ సవరణ ఎక్కడా అనలేదు. కాబట్టి ఇంటి చదువును సమర్థించాలనుకునేవాళ్లు "మా బిడ్డ, మా ఇష్టం" అని మొదలుపెడితే ఆ వాదన మన దగ్గర నిలబడదు. "బిడ్డకు రావాల్సిన చదువు ఇంట్లో ఇంకా బాగా అందుతోంది" అని చూపించగలిగితే కాస్త నిలబడుతుంది. 51ఎ(కె)లో ఉన్న మాట 'చదువుకునే అవకాశాలు' అనే గాని 'బడి' అని కాదు. ఈ మాట వాళ్లకు కలిసొస్తుంది.

కానీ 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకొచ్చిన విద్యా హక్కు చట్టం అంత వెసులుబాటు ఇవ్వలేదు. దాని 10వ సెక్షన్, పిల్లల్ని దగ్గరలోని బడిలో చేర్చడం తల్లిదండ్రుల విధి అని స్పష్టంగా చెబుతుంది. చేర్చకపోతే ఏమవుతుందో మాత్రం చెప్పదు. 'నిర్బంధం' అంటే ఏమిటో 8వ సెక్షన్ వివరించింది: పిల్లల్ని చేర్పించడం, హాజరయ్యేలా చూడడం, ఎనిమిదో తరగతి పూర్తయ్యేలా చూడడం ప్రభుత్వం పని. అంటే ఈ నిర్బంధం బరువు ప్రధానంగా సర్కారు మీదే ఉంది.

2012లో చట్టాన్ని సవరించినప్పుడు, తీవ్ర వైకల్యం లేదా బహుళ వైకల్యాలున్న పిల్లలకు ఇంటి దగ్గర చదువును ఎంచుకునే హక్కు ఇచ్చారు. ఒకరికి ప్రత్యేకంగా ఇచ్చారంటే మిగతావాళ్లకు లేదన్నట్టే కదా అని ఎవరైనా వాదిస్తే, అందులో బలం ఉందనే నేననుకుంటాను. అయితే అదే 2012లో, ఇంట్లో చదువుకుంటున్న ఒక విద్యార్థిని ఢిల్లీ హైకోర్టుకు వెళ్లినప్పుడు, ఇష్టపడి హోమ్‌స్కూలింగ్ ఎంచుకున్నవాళ్లు దాన్ని కొనసాగించవచ్చనీ, చట్టం వాళ్లకు అడ్డు కాదనీ కేంద్రం అఫిడవిట్ వేసింది. ఇంటి చదువు గురించి రాసేవాళ్లందరూ దీన్నే చూపిస్తారు. అఫిడవిట్ తీర్పు కాదు. రేపు ఇంకో ప్రభుత్వం ఇంకో మాట చెప్పినా అడ్డుకునేది ఏదీ లేదు.

మరో సంగతి. నాలుగైదు కుటుంబాలు కలిసి, ఒక విల్లా కింది అంతస్తులో టీచర్ను పెట్టుకుని, తలా ఇంత వేసుకుని నడిపే 'లెర్నింగ్ సెంటర్లు' నగరం పడమటి వైపు వస్తున్నాయి. తల్లి తన బిడ్డకు పాఠం చెప్పడం వేరు, ఇది వేరు. గుర్తింపు లేకుండా బడి నడిపితే 18వ సెక్షన్ కింద లక్ష రూపాయల దాకా జరిమానా, ఆ తర్వాత కూడా నడిపితే రోజుకు పది వేల దాకా. పదిమంది పిల్లలు, ఒక టైమ్‌టేబుల్, నెలనెలా ఫీజు ఉంటే, దానికి ఏ పేరు పెట్టుకున్నా అధికారి కంటికి అది బడిలాగే కనిపిస్తుంది.

ఈ నిర్బంధం ఎవరి కోసం వచ్చింది

హోమ్‌స్కూలింగ్ గురించి మాట్లాడేటప్పుడు చాలామంది వదిలేసే భాగం ఇది. హైదరాబాద్‌లో ఉంటూ దీన్ని వదిలేయడం నాకు తప్పనిపిస్తుంది.

సికింద్రాబాద్ కేంద్రంగా పనిచేసే ఎంవీ ఫౌండేషన్ 1990ల మొదట్లో రంగారెడ్డి జిల్లా పల్లెల్లో పనిలో ఉన్న పిల్లల్ని బడికి తీసుకురావడం మొదలుపెట్టింది. దాన్ని ముందుండి నడిపించిన శాంతా సిన్హా మాట చాలా సూటిగా ఉండేది: బడిలో లేని ప్రతి బిడ్డా బాలకార్మికుడే. ఇంటి పని, పొలం పని, చెల్లెల్ని ఎత్తుకోవడం అన్నీ అందులోకే వస్తాయి. ఆ పనికి ఆమెకు 2003లో మెగసెసే అవార్డు వచ్చింది. 2007లో ఏర్పడిన జాతీయ బాలల హక్కుల కమిషన్‌కు మొదటి అధ్యక్షురాలూ ఆమే.

ఆ మాట అంత కటువుగా ఎందుకుందో తెలియాలంటే 2015 జనవరి వైపు చూస్తే చాలు. పాతబస్తీలో గాజులు తయారుచేసే కార్ఖానాల నుంచి పోలీసులు రెండు వందలకు పైగా పిల్లల్ని విడిపించారు. ఎక్కువమంది బీహార్ నుంచి తెచ్చినవాళ్లు. ఇప్పటికీ ఏటా జనవరిలో ఆపరేషన్ స్మైల్, జులైలో ఆపరేషన్ ముస్కాన్ పేరుతో గాలింపులు జరుగుతూనే ఉన్నాయి. ఇలాంటి చోట యజమాని చెప్పే మొదటి మాట "మా బంధువుల పిల్లాడే సార్, ఇంట్లోనే చదువుతున్నాడు" అయితే ఎలా? ఇంటి చదువుకు తలుపు బార్లా తెరిస్తే ఆ తలుపులోంచి ఎవరెవరు దూరతారో ఊహించడం కష్టం కాదు. 2016లో బాలకార్మిక చట్టాన్ని సవరించి, పిల్లలు 'బడి వేళల తర్వాత' గానీ సెలవుల్లో గానీ కుటుంబ వృత్తిలో, ప్రమాదం లేని పనిలో, సాయపడొచ్చన్నారు. బడే లేని బిడ్డకు బడి వేళలు ఎక్కడివి?

అందుకే నా అభిప్రాయం ఇది. ఇంట్లో శ్రద్ధగా చదివించే కుటుంబాన్ని చట్టం నేరస్థుల్లా చూడకూడదు. ఆ కుటుంబం కూడా తన బిడ్డ చదువును నలుగురికీ కనిపించేలా ఉంచడానికి వెనకాడకూడదు. "మా ఇంటి విషయంలో మీకేం పని" అనే మాట గచ్చిబౌలిలో ఆత్మగౌరవంలా వినిపిస్తుంది. అదే మాట కార్ఖానా మెట్ల మీద నిలబడి అన్నప్పుడు లోపల ఒక పిల్లవాడు ఉంటాడు.

విలువల మాట

ఇప్పుడు ఆ నాలుగో కారణం. పిల్లల విలువలు తీర్చిదిద్దే హక్కు ఎవరిది? 1948 నాటి విశ్వ మానవ హక్కుల ప్రకటన, తమ పిల్లలకు ఎలాంటి విద్య ఇవ్వాలో ఎంచుకునే మొదటి హక్కు తల్లిదండ్రులదే అంటుంది. భారత్ 1992లో ఒప్పుకున్న బాలల హక్కుల ఒడంబడిక ఇంకొంచెం జాగ్రత్తగా మాట్లాడుతుంది: తల్లిదండ్రులు దారి చూపాలి, అయితే బిడ్డ ఎదుగుతున్న కొద్దీ ఆ ఎదుగుదలకు తగ్గట్టు, బిడ్డకు సంబంధించిన విషయాల్లో బిడ్డ మాటా వినాలి.

ఏ దేశం ఎటు మొగ్గిందో చూస్తే ఈ పేచీ ఎంత లోతైనదో తెలుస్తుంది. అమెరికాలో అన్ని రాష్ట్రాల్లోనూ హోమ్‌స్కూలింగ్ చట్టబద్ధమే. జర్మనీలో బడికి పంపక తప్పదు. మత విశ్వాసాల కారణంగా ఇంట్లో చదివిస్తామన్న తల్లిదండ్రుల వాదనను యూరప్ మానవ హక్కుల కోర్టు 2006లో కొట్టేసింది. వేర్వేరు నమ్మకాలున్న పిల్లలు ఒకచోట కలిసి పెరగడం సమాజానికి అవసరమన్న జర్మన్ కోర్టుల మాటను ఒప్పుకుంది. నాకు అన్నిటికన్నా ముఖ్యంగా అనిపించేది అమెరికా సుప్రీంకోర్టు 1972లో ఇచ్చిన యోడర్ తీర్పు. ఎనిమిదో తరగతి తర్వాత పిల్లల్ని బడికి పంపం, మా మతం ఒప్పుకోదు అన్న ఆమిష్ (ఆధునిక జీవితానికి దూరంగా ఉండే ఒక క్రైస్తవ శాఖ) తల్లిదండ్రులే గెలిచారు. జస్టిస్ డగ్లస్ ఒక్కరు పాక్షికంగా విభేదిస్తూ, మరి ఆ పిల్లలకేం కావాలో వాళ్లనెవరైనా అడిగారా అన్నారు.

మన దగ్గర బడిలో ఉంటూనే ఇంటి విశ్వాసాన్ని కాపాడుకునే వీలు రాజ్యాంగంలోనే ఉంది. ఇది చాలామంది తల్లిదండ్రులకు తెలియదు. 28(3) అధికరణం ప్రకారం, ప్రభుత్వ గుర్తింపు ఉన్న లేదా ప్రభుత్వ నిధులు అందుకునే విద్యాసంస్థలో మతబోధనకు గానీ ప్రార్థనకు గానీ హాజరు కావాలని పిల్లల్ని బలవంతపెట్టకూడదు. మైనర్లయితే తల్లిదండ్రుల సమ్మతి ఉండాలి. 1986లో వచ్చిన బిజో ఇమ్మాన్యుయేల్ తీర్పు ఇంకా ముందుకెళ్లింది. కేరళలో ముగ్గురు పిల్లలు జాతీయ గీతం పాడేటప్పుడు గౌరవంగా లేచి నిలబడేవారు, తమ మత విశ్వాసం వల్ల పాడేవారు కాదు. బడి వాళ్లను పంపేసింది. వాళ్లను తిరిగి చేర్చుకోవాలని తీర్పు రాసిన జస్టిస్ ఓ. చిన్నప్పరెడ్డి అనంతపురం జిల్లావారు. మన సంప్రదాయం సహనాన్ని నేర్పుతుంది, మన రాజ్యాంగం దాన్ని ఆచరిస్తుంది, దాన్ని పలచన చేయొద్దు అని ఆయన రాశారు. విలువల కోసమే బడి మానిపించాలనుకునేవాళ్లు, ముందు బడితో ఆ హక్కు గురించి మాట్లాడి చూడడం మంచిది. ఆ హక్కు ఊరికే రాలేదు.

ఇక మన దేశంలో ఇంటి చదువుకు అందరికీ తెలిసిన ఉదాహరణ గాంధీజీది. దక్షిణాఫ్రికాలో ఉన్నప్పుడు ఆయన తన కొడుకుల్ని బడికి పంపలేదు. ఇంట్లో, ఆశ్రమంలో పెరిగితే అబ్బే స్వేచ్ఛ, సేవాభావం బడిలో రావని ఆయన నమ్మారు. కొడుకులు మాత్రం తమకు సరైన చదువు దక్కలేదని బాధపడ్డారు. పెద్దకొడుకు హరిలాల్ ఆ బాధను జీవితాంతం మోశాడు. గాంధీజీ ఆత్మకథలో ఈ సంగతి దాచలేదు. క్రమం తప్పకుండా రోజుకు ఒక్క గంట వాళ్ల అక్షర చదువుకు కేటాయించగలిగి ఉంటే ఆదర్శమైన చదువే ఇచ్చినవాణ్నయ్యేవాణ్ని అని రాసుకున్నారు. దేశానికే దారి చూపినాయనకు ఆ ఒక్క గంట దొరకలేదు. ఇద్దరూ సాఫ్ట్‌వేర్ ఉద్యోగులై, రాత్రి అమెరికా కాల్స్‌తో పడుకునే వేళ కూడా తెలియని ఇంట్లో అది దొరుకుతుందా అని ముందే లెక్క వేసుకోవాలి. చాలా ఇళ్లలో ఆ గంట తల్లి ఉద్యోగం మానేస్తేనే దొరుకుతుంది. విలువల గురించి చర్చించే మగవాళ్లు ఈ ధర ఎవరు కడుతున్నారో కూడా చర్చించాలి.

బడి మాన్పించినంత మాత్రాన విలువలు వచ్చేయవు. ఒక తండ్రి ఉదయాన్నే పిల్లాణ్ని స్కూటర్ ముందు నిలబెట్టుకుని బయల్దేరతాడు. యూటర్న్ అర కిలోమీటరు ముందుంది. ఎవరూ లేరు కదా అని రాంగ్ రూట్లో పోనిస్తాడు. ఎదురుగా వచ్చిన ఆటోవాలా బ్రేక్ కొట్టి ఏదో అంటాడు. తండ్రి వాణ్నే తిరిగి తిడతాడు. హ్యాండిల్ మధ్యలో రెండు చేతులూ పెట్టుకుని ముందుకు చూస్తున్న ఆ పిల్లాడికి అంతకన్నా స్పష్టమైన పాఠం ఏ పుస్తకంలోనూ ఉండదు. పనిచేసే ఆవిడను పనివాళ్ల లిఫ్ట్‌లో రమ్మని చెప్పే అపార్ట్‌మెంట్‌లో పెరిగే పిల్లకు సమానత్వం మీద వర్క్‌షీట్ ఇచ్చి ఏం లాభం? పెళ్లి మాటల్లో కులం ఎలా దొర్లుతుందో, జీహెచ్‌ఎంసీ పని తొందరగా కావడానికి నాన్న ఎవరికి ఫోన్ చేస్తాడో, మాట తప్పిన అమ్మ క్షమించమని అడుగుతుందో లేదో పిల్లలు చూస్తూనే ఉంటారు. ఈ పాఠం బడికి పంపినా పంపకపోయినా తల్లిదండ్రుల చేతిలోనే ఉంది. ఇందుకు ఏ హక్కూ అడగక్కర్లేదు.

బడి పిల్లల్ని అందరితో కలుపుతుంది, ఇల్లు విడదీస్తుంది అనే వాదన కూడా హైదరాబాద్‌లో సగమే నిజం. ఇక్కడ బడులు ఫీజును బట్టి విడిపోయి ఉన్నాయి. ప్రైవేటు బడుల్లో 25 శాతం సీట్లు బలహీన వర్గాల పిల్లలకు ఇవ్వాలన్న నిబంధన తెలంగాణలో ఏళ్ల తరబడి అమలుకు నోచుకోలేదు. లక్షల ఫీజు కట్టే బడిలో పిల్లాడు కలిసేది తనలాంటివాళ్లనే. ఇంట్లో చదివే పిల్లల విషయంలో ఈ ప్రమాదం ఇంకాస్త ఎక్కువ, ఎందుకంటే ఎవర్ని కలవాలో తల్లిదండ్రులే ఎంచుతారు. బస్తీ గ్రౌండ్‌లో క్రికెట్, అఫ్జల్‌గంజ్‌లో 1891 నాటి గ్రంథాలయం, సుల్తాన్‌బజార్‌లో 1901 నుంచి ఉన్న శ్రీకృష్ణదేవరాయ ఆంధ్రభాషా నిలయం, ఇలా కావాలని వెతుక్కుని తిప్పితే తప్ప ఆ లోటు తీరదు. భాష కూడా అంతే. 2018 చట్టంతో తెలంగాణ బడుల్లో తెలుగు తప్పనిసరి అయింది. ఇంట్లో చదివే పిల్లల సామగ్రి దాదాపుగా ఇంగ్లిష్‌లోనే ఉంటుంది. మన విలువలు కావాలని బడి మానిపించి, అమ్మమ్మ ఉత్తరం చదవలేని పిల్లల్ని తయారుచేయకూడదు కదా.

కాగితాల పని

నిర్ణయం తీసేసుకున్నవాళ్లకు అసలు టెన్షన్ ఇక్కడే మొదలవుతుంది. సీబీఎస్ఈలో ఇంటి నుంచి నేరుగా పదో తరగతి రాయడం కుదరదు. ఎక్కువమందికి మిగిలేవి ఓపెన్ స్కూళ్లు. 1989లో మొదలైన జాతీయ సార్వత్రిక విద్యా సంస్థ ఎన్ఐఓఎస్‌లో 14 ఏళ్లు నిండితే పదో తరగతికి, 15 నిండితే పన్నెండుకు చేరొచ్చు. కనీసం ఐదు సబ్జెక్టులు, ఏడాదికి రెండుసార్లు పరీక్షలు, ఒకసారి చేరితే ఐదేళ్ల గడువు. తెలుగును సబ్జెక్టుగా తీసుకోవచ్చు. చిన్నపిల్లలకు 3, 5, 8 తరగతులకు సమానమైన ఎ, బి, సి స్థాయిలున్నాయి. మన రాష్ట్రానికి తెలంగాణ ఓపెన్ స్కూల్ సొసైటీ వేరే ఉంది. పదికి, ఇంటర్‌కు అక్కడా అవే వయసులు.

ఓపెన్‌లో చదివితే డాక్టర్ కాలేరన్న భయం పాతది. ఓపెన్ స్కూల్ పిల్లలు నీట్ రాయకూడదన్న నిబంధనను ఢిల్లీ హైకోర్టు 2018లో కొట్టేసింది, 2024లో సుప్రీంకోర్టులోనూ ఆ దారి తెరుచుకుంది. జేఈఈ మెయిన్‌కు ఐదు సబ్జెక్టులతో ఎన్ఐఓఎస్ పన్నెండు పాసైతే చాలు.

చాలామందికి తట్టని చిక్కు 'లోకల్'. 2018 రాష్ట్రపతి ఉత్తర్వుల ప్రకారం తెలంగాణ ప్రభుత్వ ఉద్యోగాలకు, ఒకటి నుంచి ఏడో తరగతి దాకా ఎక్కువ కాలం, అంటే కనీసం నాలుగేళ్లు, ఎక్కడ చదివితే అక్కడే లోకల్. అందుకు స్టడీ సర్టిఫికెట్లు అడుగుతారు. బడికే వెళ్లని బిడ్డకు అవి ఉండవు. అప్పుడు నివాస ధ్రువపత్రమే ఆధారం. కాబట్టి ఆ ఏడేళ్ల అద్దె అగ్రిమెంట్లు, కరెంటు బిల్లులు, ఆధార్ చిరునామా మార్పులు ఒక ఫైల్లో పెట్టుకోండి. ఇంజినీరింగ్, మెడిసిన్ అడ్మిషన్ల లోకల్ లెక్క వేరు. అది చివరి నాలుగేళ్ల చదువు చుట్టూ తిరుగుతుంది.

ఇంటి చదువు సరిపడకపోతే వెనక్కి వెళ్లే దారి ఉంది. ఆరేళ్లు దాటినా బడిలో లేని బిడ్డను వయసుకు తగ్గ తరగతిలో చేర్చుకుని, వెనకబడినచోట ప్రత్యేకంగా నేర్పాలని విద్యా హక్కు చట్టం 4వ సెక్షన్ చెబుతోంది. వయసు రుజువు లేదని తిప్పి పంపడానికి వీల్లేదు.

ఏటా జూన్‌లో బడిబాటకు టీచర్లు ఇంటింటికీ తిరుగుతారు. బడి బయటి పిల్లల సర్వేకు విద్యాశాఖ క్లస్టర్ సిబ్బంది (సీఆర్పీలు) వస్తారు. "పాప ఏ స్కూలమ్మా?" "ఇంట్లోనే చదివిస్తున్నాం మేడమ్." "అంటే డ్రాపౌట్ అని రాసుకోనా?" ఇలాంటప్పుడు తలుపేసుకోకండి. పిల్లను పిలవండి, నోటుబుక్కులు చూపించండి, ఏ నెలలో ఏం నేర్పారో రాసుకున్న డైరీ ముందు పెట్టండి. సర్కారు వైపు నుంచి జరగాల్సిందీ ఉంది. ఆ సర్వేలోనే ఇంట్లో చదువుతున్నవాళ్లను వేరుగా రాసుకుని, దగ్గరలోని సర్కారు బడికి వాళ్ల పేర్లు అనుసంధానం చేయాలి. ఏడాదికోసారి ఆ బడి టీచర్ ఒకరు బిడ్డతో విడిగా, తల్లిదండ్రులు పక్కన లేకుండా, ఒక అరగంట మాట్లాడాలి. ఏం చదువుతున్నావు, స్నేహితులెవరు, బడికి వెళ్లాలని ఉందా అని అడగాలి. వెళ్లాలని ఉందని బిడ్డ చెబితే ఆ సంవత్సరమే చేర్చుకోవాలి. విద్యాశాఖ తలచుకుంటే దీనికి కొత్త చట్టం అక్కర్లేదు, ఉన్న సర్వేతోనే మొదలుపెట్టొచ్చు.